మేడ మీద గది సొంతంగా కట్టుకోవాలంటే పని ఎక్కడ నేర్చుకోవాలి: మేస్త్రీ దగ్గరా, కోర్సులోనా, యూట్యూబ్‌లోనా?

బెంగళూరులో థర్టీ ఫార్టీ (30×40 అడుగుల) సైటులో ఇల్లు కట్టుకున్న మనవాళ్లకి నాలుగైదేళ్లు తిరిగేసరికి ఇంకో గది కావాలనిపిస్తుంది. ఊరి నుంచి అమ్మానాన్న వస్తే ఉండటానికో, ఇంట్లో కూర్చుని ఆఫీసు పని చేసుకోవడానికో, వెనక వాషింగ్ మెషిన్‌కి కాస్త చోటు కోసమో. కాంట్రాక్టర్ చెప్పిన రేటు విన్నాక "ఇందులో సగం పని మనమే చేసుకుంటే పోలా" అని అనిపించడం సహజం. మంచి ఆలోచనే, నేను పూర్తిగా సమర్థిస్తాను. కానీ ఆ వెంటనే అందరూ అడిగే ప్రశ్న "ఏ కోర్సు మంచిది?" అని. నా ఉద్దేశంలో అది రెండో ప్రశ్న. ఏ పని మన చేత్తో చేస్తాం, ఏ పని పక్కన నిలబడి చేయిస్తాం అన్నది ముందు తేల్చుకుంటే, ఎక్కడ నేర్చుకోవాలో చాలావరకు దానంతట అదే తేలిపోతుంది.

నేను పెట్టుకునే గీత ఇది. తప్పు జరిగితే ఊడదీసి మళ్లీ చేసుకోగలిగే పనులు చేతితో నేర్చుకోవాలి: బరువు మోయని గోడలు, ప్లాస్టరింగ్, టైల్స్, బాత్రూమ్ వాటర్‌ప్రూఫింగ్, నీళ్ల పైపులు, పెయింటు. తప్పు జరిగితే మనిషి ప్రాణం పోయే పనులు, అంటే పునాది, పిల్లర్లు, బీములు, స్లాబ్, పాత గోడ కొట్టి దారి తియ్యడం, మెయిన్ కరెంటు, ఇవి చెయ్యడం కాదు, చెక్ చెయ్యడం నేర్చుకోవాలి. 2024 అక్టోబర్‌లో బెంగళూరులోని బాబుసాపాళ్యలో కడుతున్న బిల్డింగ్ కూలి అందులో పనిచేస్తున్న కూలీలు చనిపోయారు. అనుమతికి మించి అంతస్తులు లేపారని తర్వాత బయటపడింది. పాత ఇంటి మీద కొత్త బరువు పెట్టే ముందు ఆ సంఘటన ఒకసారి గుర్తు చేసుకోండి.

అందుకే ఏ దారిలో నేర్చుకున్నా సరే, అన్నిటికంటే ముందు ఒక స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని ఇంటికి పిలిచి ఫీజు ఇచ్చి చూపించండి. పునాది ఇంకో అంతస్తుకి సరిపోతుందా, మేడ మీద వదిలేసిన పిల్లర్ రాడ్లు తుప్పుపట్టి ఎంతవరకు పనికొస్తాయి, కింద బీములు ఎక్కడున్నాయి, ఈ మూడూ ఆయన చెప్పాలి. మేస్త్రీ చెప్తే చాలదు, యూట్యూబ్ చెప్తే అసలే చాలదు. ఒక చిన్న లెక్క చూడండి. పది అడుగుల ఎత్తున ఆరంగుళాల సాలిడ్ సిమెంట్ బ్లాకుతో గోడ కడితే, పొడవులో ప్రతి అడుగుకీ దాదాపు 300 కిలోల బరువు పడుతుంది. అదే గోడ ఏఏసీ బ్లాకుతో (లోపల గాలి గుల్లలుండే తేలిక బ్లాకు) కడితే 100 కిలోల లోపే. కింద బీము లేని చోట స్లాబ్ నడిమధ్యన సాలిడ్ బ్లాక్ గోడ లేపితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. చాలా ఇళ్లకి ఇంజనీర్ చెప్పే సలహా ఇనప ఫ్రేము వేసి, పైన రేకులో పఫ్ ప్యానెలో (రెండు రేకుల మధ్య ఫోమ్ నింపిన పలక), చుట్టూ తేలిక బ్లాకులతో గోడ. అలా చెప్తే బాధపడకండి, ఎందుకంటే మన చేత్తో చేసుకోగలిగే పని అందులోనే ఎక్కువ ఉంటుంది.

ఇప్పుడు నేర్చుకునే దారుల సంగతి.

మేస్త్రీ దగ్గర నేర్చుకోవడం

నా ఓటు దీనికే. బెంగళూరులో మనకున్న పెద్ద సౌకర్యం ఏంటంటే బేల్దారి పని చేసేవాళ్లలో అనంతపురం, కర్నూలు, కడప, మదనపల్లె వైపు నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. కన్నడ సరిగా రాని మనిషి కూడా సైట్లో నిలబడి తెలుగులో సందేహాలన్నీ అడగొచ్చు. పని నేర్చుకునేటప్పుడు "ఎందుకన్నా ఇట్లా పెట్టావ్?" అని వెంటనే అడగగలగడం చాలా విలువైన సంగతి.

అయితే ఆయన నడుపుతున్న సైటుకి వెళ్లి పక్కన నిలబడితే పెద్దగా రాదు. అక్కడ ఆయనకి రోజు పని రోజు తెగాలి, నేర్పే తీరిక ఉండదు, పైగా మనకేదైనా తగిలితే ఎవరు బాధ్యులు అన్న గొడవ. దానికి బదులు ఆదివారం మీ ఇంటికే పిలిచి, రోజు కూలి కంటే కొంచెం ఎక్కువే ఇచ్చి, "ఈరోజు మీరు కట్టొద్దు, నాతో కట్టించండి" అని ముందే మాట్లాడుకోండి. నేలమీద ఒక మూల వచ్చేలా నాలుగడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు గోడ కట్టండి. సిమెంట్ మాలు వద్దు, మట్టి మాలుతో కట్టండి, సాయంత్రం విప్పేసి కడుక్కుంటే వచ్చే వారం అవే ఇటుకలు పనికొస్తాయి. ఇలా కొన్ని ఆదివారాలు చేస్తే ఏ వీడియోలోనూ దొరకని సంగతి చేతికి తెలుస్తుంది: మాలు తాపీ మీద ఎంత తేమగా ఉండాలి, ఇటుక పెట్టాక ఎంత నొక్కాలి.

ఏం నేర్పమని అడగాలో మీకే తెలిసి ఉండాలి. మొదటిది మూల. టేపు తీసుకుని ఒక వైపు 3 అడుగులు, ఇంకో వైపు 4 అడుగులు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా 5 అడుగులు వచ్చేదాకా దారం జరపడం. మూలమట్టం (ఎల్ ఆకారపు కొలబద్ద) చిన్నది కాబట్టి చిన్న తేడా పట్టుకోలేదు, గది పెద్దదయ్యేకొద్దీ ఆ తేడా పెరిగి చివరికి టైల్స్ వేసేటప్పుడు గోడవారన ఏటవాలు ముక్కలుగా బయటపడుతుంది. రెండోది మట్టం. పారదర్శకంగా ఉండే సన్న పైపులో నీళ్లు నింపి గది ఈ మూల నుంచి ఆ మూలకి ఒకే ఎత్తు గుర్తు పెట్టడం, పైపులో గాలి బుడగ లేకుండా చూసుకోవడం. రసమట్టం (స్పిరిట్ లెవెల్) చిన్న చిన్న చోట్లకి బాగుంటుంది, పదిహేనడుగుల గదికి నీళ్ల పైపే నమ్మకం. మూడోది దారానికి గుండు కట్టి గోడ నిలువు చూడటం. నాలుగోది కింది వరుస అతుకు మీద పై వరుస అతుకు రాకుండా బ్లాకు మార్చి పెట్టడం. ఈ నాలుగూ వస్తే గోడ కట్టడం వచ్చినట్టే, మిగతాది వేగం.

నాకు బాగా గుర్తుండిపోయిన ఒక క్షణం చెప్తాను. పైన వరుస పెడుతుంటే పక్క బ్లాకు కొంచెం బయటికి వచ్చినట్టు కనిపించింది, సుత్తి పిడితో లోపలికి తట్టబోయాను. మేస్త్రీ చెయ్యి పట్టుకుని ఆపాడు. "తట్టొద్దు సార్. అది పెట్టి చాలాసేపయింది, మాలు పట్టేసింది. ఇప్పుడు కదిపితే కనబడకుండా విడిపోతుంది. తీసేసి, పాత మాలు గీకేసి, కొత్త మాలుతో పెట్టండి." ఆయన చెప్పింది ముమ్మాటికీ నిజం. పట్టుకోవడం మొదలైన మాలుని కదిపితే మళ్లీ అతుక్కోదు, తర్వాత ఆ సందులోంచే వాన నీళ్లు లోపలికి వస్తాయి.

ఇంకో మాట. మాలు కలపడం నేర్చుకోవాలంటే మేస్త్రీని కాదు, ఆయనకి మాలు అందించేవాళ్లని అడగండి. సైటులో తట్ట మోసే ఆడవాళ్లకి ఏ పనికి ఎంత నీళ్లు పొయ్యాలో చేతిలెక్కగా తెలుసు. వాళ్లకీ ఆ రోజు కూలి ఇచ్చి పిలవండి, అక్కా అని మర్యాదగా అడిగితే ఎంత ఓపిగ్గా నేర్పుతారో.

మరి ఈ దారిలో లోపం లేదా అంటే ఉంది, అదీ చిన్నది కాదు. మేస్త్రీ ఎంత నేర్పరి అయినా కొన్ని అలవాట్లు తరతరాలుగా వస్తున్నవి. కాంక్రీటులో నీళ్లు ఎక్కువ పొయ్యడం వాటిలో మొదటిది. మజ్జిగలా పలచగా ఉంటే పొయ్యడం తేలిక, సెంట్రింగ్‌లో (కాంక్రీటు పొయ్యడానికి కట్టే తాత్కాలిక అచ్చులో) అన్ని మూలలకీ దానంతటదే పారుతుంది. కానీ 50 కిలోల సిమెంట్ బస్తాకి 25 లీటర్ల నీళ్లు పోస్తే ఉండే బలం 35 లీటర్లు పోస్తే ఉండదు. ఎం20 రకం కాంక్రీటుకి ఐఎస్ 456 (కాంక్రీటు పనికి మన దేశపు ప్రామాణిక కోడ్) ఒప్పుకునేది సిమెంట్ బరువులో గరిష్ఠంగా 0.55 వంతు నీళ్లు, అంటే బస్తాకి 27 లీటర్లు దాటకూడదు, తడి ఎం శాండ్‌లో (రాళ్లు పొడి చేసి తయారుచేసే ఇసుకలో) ఉన్న నీళ్లు కూడా అందులోకే లెక్క. అలాగే క్యూరింగ్, అంటే పోసిన కాంక్రీటుని తడిగా ఉంచడం. "మూడు రోజులు తడిపితే చాలు సార్" అనేవాళ్లు చాలామంది. మామూలు ఓపీసీ సిమెంటుకే కనీసం 7 రోజులు, ఇప్పుడు అందరం వాడే పీపీసీకి (బూడిద లాంటివి కలిపిన సిమెంటు) 10 రోజులు, ఎండ గట్టిగా ఉంటే ఇంకా ఎక్కువ. వీటి కారణాలు మేస్త్రీ దగ్గర దొరకవు. అందుకే ఆయన దగ్గర చెయ్యి నేర్చుకుంటూ, బుర్రకి వేరే చోట చదువు చెప్పించాలి.

వీడియోలు, ఎన్‌పీటీఈఎల్

బుర్రకి చదువు అంటే నా మొదటి సలహా ఎన్‌పీటీఈఎల్. ఐఐటీ ప్రొఫెసర్లు కాంక్రీటు టెక్నాలజీ మీద చెప్పిన పాఠాలు ఉచితంగా చూడొచ్చు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్షకి డబ్బు కట్టాలి, మనకి సర్టిఫికెట్‌తో పని లేదు. అన్నీ చూడక్కర్లేదు, సిమెంట్ ఎలా గట్టిపడుతుంది, నీళ్ల పాళ్లు, క్యూరింగ్, ఈ భాగాలు చూస్తే సైట్లో నిలబడి అడగాల్సిన ప్రశ్నలు తెలుస్తాయి. ఐఎస్ కోడ్ పుస్తకాలు కూడా బీఐఎస్ (ఆ కోడ్‌లు తయారుచేసే కేంద్ర సంస్థ) వెబ్‌సైట్‌లో రిజిస్టర్ అయితే ఉచితంగా దించుకోవచ్చు. 456లో సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలన్న పేరా ఒక్కటి ప్రింట్ తీసి జేబులో పెట్టుకోండి. నాలుగున్నర మీటర్ల వెడల్పు దాకా స్లాబ్ కింద సపోర్టులు 7 రోజులు, అంతకు మించితే 14. బీముల కింద ఆరు మీటర్ల దాకా 14, ఆ పైన 21. ఇవి ఓపీసీ సిమెంటుకి చెప్పిన లెక్కలు, పీపీసీ వాడితే ఎన్నాళ్లు ఉంచాలో ఇంజనీర్‌ని అడగండి. సెంట్రింగ్ వాళ్లు అద్దె సామాను ఇంకో సైటుకి పట్టుకెళ్లాలని తొందర పెడతారు, అప్పుడు ఆ కాగితం పనికొస్తుంది.

యూట్యూబ్ విషయంలో జాగ్రత్త. అమెరికా, ఇంగ్లండు వీడియోల్లో గదులు చెక్క ఫ్రేముకి బోర్డు కొట్టి కడతారు, మన బ్లాకు గోడకి అందులో పనికొచ్చేది తక్కువ. తెలుగులో, హిందీలో చేసినవి మంచివున్నాయి, కానీ చూసి గోడ కట్టేద్దామనుకోవద్దు. వీడియో చూసి నిజంగా నేర్చుకోగలిగినవి వేరే ఉన్నాయి: టైల్స్ ఎక్కడి నుంచి మొదలుపెడితే ముక్కలు కనబడని మూలకి వస్తాయి, సీపీవీసీ అనే ప్లాస్టిక్ నీళ్ల పైపు అతికించడం ఎలా (నేరుగా కోసి, అంచు గరుకు తీసి, సాల్వెంట్ రాసి, లోపలికి తోస్తూ పావు చుట్టు తిప్పి, అర నిమిషం పట్టుకోవడం), పుట్టీ, పెయింటు. వీటికి మేస్త్రీని వారాల తరబడి పిలవడం డబ్బు దండగ. టైల్స్‌కి మాత్రం ఒక్క రోజు టైల్స్ మేస్త్రీని పెట్టుకుని బాత్రూమ్ వాటం ఎలా తీస్తాడో చూడండి. అడుగుకి అంగుళంలో ఎనిమిదో వంతు వాలు కళ్లతో చూస్తే తెలియదు, దారం కట్టి చూపిస్తే తెలుస్తుంది. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక, టైల్స్ వెయ్యకముందే, 24 గంటలు నీళ్లు నిలబెట్టి కింద గది సీలింగ్ చూడాలి. ఈ ఒక్క పరీక్ష వదిలేసి తర్వాత ఏళ్ల తరబడి చెమ్మతో బాధపడే ఇళ్లు ఎన్నో.

ఐటీఐలు, ట్రైనింగ్ సెంటర్లు

ఇవి మంచివే, కానీ మనలాంటివాళ్ల కోసం పెట్టినవి కావు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ రెండేళ్లు, ప్లంబర్ ఏడాది, రోజూ వెళ్లాలి. కాంచీపురంలో ఎల్ అండ్ టీ నడిపే సెంటర్ లాంటివి, హైదరాబాద్‌లో 1998లో మొదలైన న్యాక్ (నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్), ఇవన్నీ ఈ పనినే బతుకుతెరువు చేసుకోబోయే కుర్రాళ్లకి నెలల తరబడి శిక్షణ ఇస్తాయి. మీరు ఉద్యోగం మానేసి కన్‌స్ట్రక్షన్ లోకే వెళ్దామనుకుంటే, లేదా ఇంట్లో పదో తరగతి అయిన తమ్ముడుంటే, ఇంతకు మించిన దారి లేదు. ఒక్క గది కోసం మాత్రం వద్దు.

కరెంటు పని గురించి ఇక్కడే చెప్పాలి. వైరింగ్ లైసెన్స్ ఉన్న కాంట్రాక్టరే చెయ్యాలని నిబంధన, అది సరైన నిబంధన. మనం చేసుకోగలిగింది గోడలో గాడి కొట్టి పైపులు, బాక్సులు పెట్టడం. అక్కడ కూడా కొలత ఉంది: నిలువు గాడి గోడ మందంలో మూడో వంతు, అడ్డ గాడి ఆరో వంతు దాటకూడదు. నాలుగంగుళాల గోడలో అడ్డంగా గాడి కొట్టడం అంటే ఆ గోడని రెండు ముక్కలు చెయ్యడమే, పైపు పైనుంచి నిలువుగా దించండి. లైట్లకి 1.5, ప్లగ్గులకి 2.5, ఏసీకి గీజర్‌కి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్), సరైన ఎర్తింగ్, ఇవి వచ్చాయో లేదో చూసుకోవడం వస్తే చాలు.

మట్టి ఇటుకల వర్క్‌షాపులు

వీటి గురించి నాకు ప్రత్యేకమైన ఇష్టం ఉంది, దాచుకోను. ఇక్కడే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో 1974లో మొదలైన ఆస్ట్రా విభాగం, స్థానిక మట్టిలో కొంచెం సిమెంట్ కలిపి మిషన్‌తో నొక్కి చేసే ఇటుకల మీద ఎన్నో ఏళ్లు పనిచేసింది, అలా కట్టిన ఇళ్లు బెంగళూరులో చాలానే ఉన్నాయి. చేత్తో నేర్పే కోర్సులకి పేరున్నది ఆరోవిల్ ఎర్త్ ఇన్‌స్టిట్యూట్, ఇక్కడి నుంచి దాదాపు 300 కిలోమీటర్లు. మట్టి పరీక్ష నుంచి ఇటుక చెయ్యడం, గోడ, ఆర్చి దాకా చేయిస్తారు, కారణాలు కూడా చెప్తారు. మేస్త్రీ దగ్గర దొరకని కారణం, వీడియోలో దొరకని చేతి పని, రెండూ ఒకేచోట దొరికే దారి ఇదొక్కటే. సెలవు పెట్టి వెళ్లాలి, ఖర్చుంది, ఎక్కువగా ఇంగ్లిష్‌లో ఉంటుంది. హోసకోట వైపో హిందూపురం దారిలోనో స్థలం ఉండి, నేలమీద విడిగా గది కట్టుకునేవాళ్లు కళ్లు మూసుకుని వెళ్లొచ్చు. ఊరి మధ్య ఇంటి మేడ మీద గదికి మాత్రం ఆ ఇటుక బరువెక్కువ, ఆ కోర్సు మీ పనికి నేరుగా సరిపోదు.

ఎవరికి ఏది

శని ఆదివారాలే చేతిలో ఉన్న ఉద్యోగికి: ఇంజనీర్ సలహా, ఆదివారాలు మేస్త్రీ, రాత్రిళ్లు ఎన్‌పీటీఈఎల్. అందులోనూ ఏఏసీ బ్లాకులు ఎంచుకోండి. ఆరంగుళాల సాలిడ్ బ్లాకు ఒక్కోటి పాతిక కిలోల దాకా ఉంటుంది, అలవాటు లేని నడుముకి పగలంతా ఎత్తడం కష్టం. ఏఏసీ దానికంటే పెద్దదైనా పది పన్నెండు కిలోలే, రంపంతో కొయ్యొచ్చు, మూడు మిల్లీమీటర్ల పల్చటి జిగురు మాలుతో పెట్టొచ్చు. ఒక్క విషయం: ఎర్ర ఇటుక నీళ్లలో నానబెట్టాలి, సిమెంట్ బ్లాకు, ఏఏసీ నానబెట్టకూడదు, పైన కాస్త చిలకరిస్తే చాలు. పాతకాలం మేస్త్రీలు అన్నిటినీ తడిపేస్తారు, ఆరాక గోడ పగుళ్లిస్తుంది.

రిటైరై ఓపిక, తీరిక రెండూ ఉన్నవాళ్లు ముందు ప్లాస్టరింగ్ నేర్చుకోండి, చేతికి తిరగడానికి సమయం పట్టేది అదే, నేర్చుకున్నాక ఎక్కువ డబ్బు మిగిలేదీ అదే. లోపలి పని మాత్రమే చేసుకునే ఆలోచన ఉంటే వీడియోలు, ఒక రోజు టైల్స్ మేస్త్రీ, అంతకు మించి ఖర్చు పెట్టకండి.

ఎవరైనా సరే, మొదటి రోజు నుంచే గ్లవ్స్ వేసుకోండి. తడి సిమెంట్ చర్మాన్ని కాలుస్తుంది, ఆ మంట సాయంత్రానికి గానీ తెలియదు. బ్లాకు కోసేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది, మాస్క్ లేకుండా కట్టర్ ఆన్ చెయ్యొద్దు, కట్టర్ మీద గార్డు తీసేసి వాడొద్దు, మేస్త్రీ అలాగే వాడుతున్నా సరే. మేడ అంచున పని ఉంటే పరంజా కట్టించండి, డ్రమ్ము మీద బల్ల వేసి ఎక్కొద్దు.

అనుమతి సంగతి కూడా తేల్చుకోండి. 2025 సెప్టెంబర్ నుంచి బీబీఎంపీ (బెంగళూరు నగరపాలిక) పోయి ఐదు కార్పొరేషన్లు వచ్చాయి, మీ ఇల్లు ఏ కార్పొరేషన్ కిందకి వస్తుందో చూసుకుని, ప్లాన్‌లో లేని గదికి ముందే కాగితం తెచ్చుకోండి. ముఖ్యంగా ఇంటి చుట్టూ వదిలిన సెట్‌బ్యాక్ స్థలంలో కట్టాలనుకుంటే, అది ఎంత చిన్న వాష్ ఏరియా అయినా, ఇంజనీర్‌ని అడక్కుండా ఒక్క బ్లాకు కూడా పెట్టొద్దు.

ఇక ఎప్పుడు మొదలుపెట్టాలి అంటే, బెంగళూరులో జూన్ నుంచి అక్టోబర్ దాకా వానలు, అప్పుడు మేడ మీద పని సాగదు. ఆ నెలల్లో ఎన్‌పీటీఈఎల్ పాఠాలు, పోర్టికోలో మట్టి మాలు గోడ, ఇంజనీర్ డ్రాయింగ్, అనుమతులు పూర్తి చేసుకోండి. డిసెంబర్‌లో అసలు పని మొదలుపెట్టి ఫిబ్రవరి లోపు కాంక్రీటు, గోడలు, ప్లాస్టరింగ్ ముగించేయండి. మార్చి వస్తే నీళ్లకి కటకట. 2024 మార్చిలో జలమండలి (బెంగళూరు నీటి సరఫరా బోర్డు) కావేరి నీళ్లు కట్టడాలకి వాడితే 5000 రూపాయల జరిమానా అని ఆదేశం ఇచ్చింది కూడా. బోరు లేని ఇల్లయితే క్యూరింగ్‌కి ట్యాంకర్ ఎవరు తెస్తారో, ఎంత తీసుకుంటారో, సిమెంట్ కొనకముందే మాట్లాడి పెట్టుకోండి.